ఇంగ్లిషు నోటుబుక్కులోకి ఇంటిని రానివ్వండి: విశాఖ ఇంగ్లిషు టీచర్లకు బహిరంగ లేఖ

విశాఖపట్నం జిల్లా ప్రభుత్వ, జీవీఎంసీ హైస్కూళ్లలో ఇంగ్లిషు చెప్పే మాస్టార్లకూ మేడమ్‌లకూ నమస్కారం.

నేను బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. మత్స్యకారులుండే పెదజాలారిపేట పక్కన ఒక గదిలో సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి ఇంగ్లిషు, లెక్కలు చెబుతుంటాను. ఫీజు లేదు కాబట్టి దాన్ని ట్యూషన్ అనడానికి నోరు రాదు. వచ్చేవాళ్లంతా మీ పిల్లలే. పొద్దున మీరు దిద్దిన నోటుబుక్కులే సాయంత్రం నా ముందు తెరుచుకుంటాయి. మీ మీద ఫిర్యాదు చేద్దామని ఈ ఉత్తరం రాయడం లేదు. ఒక్క సంగతి అడుగుదామని రాస్తున్నాను. పిల్లల చేత ఇంగ్లిషులో వాళ్ల సొంత సంగతులు రాయించండి. ఇంట్లో ఒక తీరు, గుమ్మం దాటితే ఇంకో తీరు. అమ్మతో ఒక మాట, బడిలో ఇంకో మాట. ఈ రెండిటి మధ్యా రోజూ తిరిగే బతుకు ఉంది చూశారూ, దాన్ని రాయించండి.

ఇప్పుడు వాళ్లేం రాస్తున్నారో నాకంటే మీకే బాగా తెలుసు. 'మై సిటీ' అనగానే ఆర్కే బీచి, కైలాసగిరి, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, చివర్న సిటీ ఆఫ్ డెస్టినీ. గైడులో ఏ వరసలో ఉంటే నోటుబుక్కులోనూ అదే వరస. సముద్రానికి నాలుగడుగుల్లో ఇల్లున్న పిల్ల కూడా బీచి అంటే ఆదివారం సాయంత్రం చూడ్డానికి వెళ్లే అందమైన చోటు అని రాస్తుంది. వాళ్ల నాన్న ఆ సముద్రం మీదే బతుకుతున్నాడన్న ముక్క ఆ పేజీలో ఎక్కడా ఉండదు. హిల్ స్టేషన్‌కి వెళ్లొచ్చినట్టు డిస్కోర్స్, అంటే సొంతంగా రాసే జవాబు, రాయమంటే, అరకు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల ఊటీ గురించి రాసింది. కొండ మీద పుట్టి పెరిగిన పిల్ల, తాను ఎన్నడూ చూడని ఊటీ చలి గురించి బట్టీ పట్టింది! మార్కులు బాగానే పడ్డాయి. ఇక లీవ్ లెటర్ సంగతి చెప్పక్కర్లేదు. మా తరం నుంచీ 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' తప్ప ఈ రాష్ట్రంలో ఏ పిల్లవాడికీ ఇంకో కారణం దొరకలేదు.

వేసవి సెలవుల వ్యాసం చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. సరిగ్గా బడి సెలవుల కాలమే అది. అంటే బోటు మీదికెళ్లే ఇంట్లో పిల్లకీ సెలవులే, నాన్నకీ సెలవులే. నాన్న రోజంతా ఇంటి దగ్గరే ఉంటాడు. వలలు బాగు చేసుకుంటారు, అప్పులు లెక్కేసుకుంటారు, ప్రభుత్వం ఇచ్చే భృతి ఖాతాలో ఎప్పుడు పడుతుందా అని చూస్తారు, మేనమామతో పాత తగువులు తీర్చుకుంటారు, కొత్తవి పెట్టుకుంటారు. మరి ఆ పిల్ల 'మై సమ్మర్ హాలిడేస్'లో ఏం రాస్తుంది? అమ్మమ్మగారి ఊరికి వెళ్లాను, మామిడిపళ్లు తిన్నాను, ఐ ఎంజాయ్డ్ వెరీ మచ్. ఆ అమ్మమ్మ ఉండేది పక్క వీధిలోనే.

పిల్లలు అబద్ధాలు రాస్తున్నారని కాదు నా బాధ. ఇంగ్లిషులో రాయాలంటే ఎవరో ఇంకొకరి బతుకును అరువు తెచ్చుకోవాలని వాళ్లకి ఖాయంగా తెలిసిపోయింది. ఆ సంగతి మనం నోటితో చెప్పలేదు, మార్కులతో చెప్పాం.

ఇప్పుడు నా ఉద్యోగం సంగతి చెబుతాను. బ్యాంకు కౌంటర్లో కూర్చున్నన్నాళ్లూ నేను చూసిన ఇంగ్లిషు మీ తరగతిలో కనబడే ఇంగ్లిషు కాదు. తల్లి పక్కన ఆరో క్లాసు పిల్ల నిలబడి విత్‌డ్రాయల్ స్లిప్ నింపుతుంది. అంకెల్లో రాసి, కింద అక్షరాల్లో 'టూ థౌజండ్ ఫైవ్ హండ్రెడ్ ఓన్లీ' అని స్పెల్లింగు తప్పకుండా రాస్తుంది. వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో తల్లికి చూపిస్తుంది. కేవైసీ ఇవ్వలేదు కాబట్టి ఖాతా ఆగిపోయిందని నేను చెబితే, ఆ మాట తల్లికి అర్థమయ్యేలా, తల్లికి కోపం రాకుండా, నాకు ఎదురు చెప్పినట్టు కాకుండా తన ఇంటి మాటలో చెబుతుంది. తల్లి తిట్టిన తిట్టులో సగం మింగేసి మిగతా సగం మర్యాదగా నాకు చేరుస్తుంది. ఇది ఎంత పెద్ద విద్యో కౌంటరుకి ఇవతల కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది. నగరంలో ఇలాంటి పిల్లలు వేలల్లో ఉంటారు. కేజీహెచ్ పెద్దాసుపత్రి ఓపీ దగ్గర చీటీ చదివి నానమ్మకి ఏ మాత్ర ఎప్పుడో చెప్పేది వాళ్లే. ఫోన్‌కి వచ్చిన ఓటీపీ ఎవరికి చెప్పకూడదో తండ్రిని హెచ్చరించేది వాళ్లే. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగు, అద్దె అగ్రిమెంటు అన్నీ వాళ్ల చేతుల మీదుగానే ఇంట్లోకి వస్తాయి.

అంటే ఇంగ్లిషుతో వాళ్లకి బతుకులో పని ఉంది. రెండు లోకాల మధ్య కబురు మోసే పని చిన్నప్పటి నుంచీ చేస్తూనే ఉన్నారు. అదే పిల్లని 'ఎ మెమొరబుల్ డే' రాయమంటే పెన్ను కొరుకుతూ కూర్చుంటుంది. రాయడానికి ఏమీ లేక కాదు. ఉన్నది ఇక్కడ చెల్లుతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

రెండు సంస్కృతుల పిల్లలంటే అమెరికాకో కెనడాకో వెళ్లిన మనవాళ్ల పిల్లలు గుర్తొస్తారు చాలామందికి. ఇక్కడ అందరం తెలుగువాళ్లమే కదా, రెండోది ఎక్కడిదని మీలో కొందరు అడగొచ్చు. విశాఖలో ఉండి ఆ ప్రశ్న వేస్తే నాకు నవ్వొస్తుంది. పోర్టు, నేవీ, రైల్వే, స్టీల్ ప్లాంటు కలిసి పెంచిన ఊరు ఇది. మీ హాజరు పట్టీ ఒకసారి తీసి చూడండి. గాజువాక వైపు బడుల్లో ఒడిశా నుంచి, బీహార్ నుంచి, జార్ఖండ్ నుంచి పనికొచ్చిన కుటుంబాల పిల్లలుంటారు. ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు, టీవీలో హిందీ, పుస్తకంలో ఇంగ్లిషు. హాస్టళ్లలో ఏజెన్సీ పిల్లలుంటారు. 2022లో జిల్లాలు విడిపోయి పాడేరు, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి గానీ చదువుకోసం పిల్లలు ఇటు రావడం ఆగలేదు. వాళ్లలో కొందరికి ఇంటి భాష కువి, కొందరికి ఆదివాసీ ఒడియా. తెలుగే వాళ్లకి రెండో భాష, ఇంగ్లిషు మూడోది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గదిలో ఉంటున్నవాళ్ల పిల్లలకైతే ఇంటి తెలుగు వేరు, పుస్తకం తెలుగు వేరు. 'ఏటి సేస్తన్నావ్' అని ఇంట్లో పలికే నోరే బడి గేటు దాటగానే మాట మార్చుకుంటుంది. పైన మూడో అంతస్తులో ఒక జీవితం, కింద సెల్లార్లో ఒక జీవితం. లిఫ్టులో రెండు సంస్కృతులూ కలిసే వెళ్తుంటాయి.

ఇలాంటి రాతల్ని బడిలో పెట్టి చూసినవాళ్లు ఇతర దేశాల్లో ఉన్నారు. టొరంటో విశ్వవిద్యాలయంలో పనిచేసిన జిమ్ కమ్మిన్స్ 1979 నుంచీ ఒక మాట చెబుతూ వచ్చాడు. ఇంటి భాషలో బలపడిన ఆలోచన, చదువు రెండో భాషకి కూడా అక్కరకొస్తాయి, కాబట్టి ఇంటి భాషను బయట నిలబెట్టి ఇంగ్లిషు నేర్పాలనుకోవడం దండగ అన్నది ఆ మాట సారం. టొరంటో పక్కనే మిసిసాగాలో థార్న్‌వుడ్ అనే ప్రభుత్వ బడి ఉంది. అక్కడి పిల్లలు, చాలామంది వలస వచ్చినవాళ్లే, తమ కథల్ని ఇంటి భాషలోనూ ఇంగ్లిషులోనూ రాసి బొమ్మలు వేసి పుస్తకాలు చేశారు. తల్లిదండ్రులు ఇంటి భాష వైపు సాయం పట్టారు, టీచర్లు ఇంగ్లిషు వైపు. అమెరికాలో టూసాన్‌లో లూయిస్ మోల్, ఆయన తోటివాళ్లు టీచర్లని మెక్సికన్ కుటుంబాల ఇళ్లకి పంపారు. ఆ ఇళ్లలో వ్యవసాయం, మరమ్మతులు, నాటు వైద్యం, ఇళ్లు కట్టడం గురించి ఎంత తెలివి ఉందో చూసి దాన్నే పాఠాల్లోకి తెచ్చుకున్నారు. ఈ పని గురించి వాళ్లు 1992లో రాశారు.

అయితే అక్కడి సంగతిని ఇక్కడికి ఉన్నదున్నట్టు ఎత్తుకు రాలేం. అక్కడ పిల్ల ఇంటి నుంచి బయటికి రాగానే వీధంతా ఇంగ్లిషే. ఇక్కడ వీధి తెలుగుది. ఇంగ్లిషు మన పిల్లకి కాగితం మీదా, స్క్రీను మీదా, ఆఫీసు బల్లకి అవతలా మాత్రమే తగులుతుంది. అందుకే మన దగ్గర రాత ముఖ్యం. మాట్లాడే ఇంగ్లిషుకి దొరకని తోడు రాసే ఇంగ్లిషుకి దొరుకుతుంది: పక్కన స్నేహితురాలు ఉంటుంది, డిక్షనరీ ఉంటుంది, చెరిపేసుకునే వీలుంటుంది.

ఇంతకీ మీ చేతిలో ఇప్పటికే ఒక గొప్ప సాధనం ఉంది. మన ప్రభుత్వ బడుల్లో పిల్లలకి ఇచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు చూడండి. ఒక పేజీ ఇంగ్లిషు, ఎదురు పేజీ తెలుగు. ఇంగ్లిషు మీడియం మంచిదా చెడ్డదా అన్న గొడవ కోర్టుల దాకా వెళ్లింది, దాన్ని నేనిక్కడ తవ్వను. కానీ పుస్తకానికి రెండు భాషల్లో ఉండే హక్కు ఇచ్చి పిల్ల నోటుబుక్కుకి ఆ హక్కు ఇవ్వకపోవడం ఏం న్యాయం? కుడి పేజీలో ఇంగ్లిషు రాయమనండి, ఎడమ పేజీలో ఇంటి భాష రాసుకోమనండి. ముందు ఏది రాసినా సరే. కువికి తెలుగు లిపి వాడుకోవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2000 దశకంలో సవర, కొండ, కువి, కోయ, ఆదివాసీ ఒడియా, గోండి, కొలామి, బంజారా భాషల్లో చిన్న తరగతుల వాచకాలు వేసింది తెలుగు లిపిలోనే కదా.

ఈ ఆలోచన పరాయిదేమీ కాదు. ఈ తీరంలోనే పుట్టింది. వందేళ్లకి పైగా అయింది, ఉత్తర సర్కారు జిల్లాలకి స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్ అనే ఇంగ్లిషు దొర, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటీ పుస్తకంలో తెలుగు ఇంకొకటీ ఎందుకుందని అడిగాడు. ఆ ప్రశ్నని పట్టుకున్నవాళ్లలో మన విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఒకరు, గిడుగు రామమూర్తి పంతులుగారు ఒకరు, విజయనగరంలో గురజాడ ఒకరు. గిడుగు పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూనే సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి చదువు చెప్పే ఏర్పాటు చేశారు, చివరికి సవర వ్యాకరణం ఇంగ్లిషులో రాస్తే 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. గురజాడ జనం మాటని సాహిత్యంలో కూర్చోబెట్టిన మనిషి, తన డైరీలు మాత్రం ఇంగ్లిషులో రాసుకున్నారు. ఆగస్టు 29న గిడుగు పటానికి దండ వేసే పని తెలుగు మాస్టారిదే అనుకుంటాం. ఆ రోజు ఇంగ్లిషు టీచర్లకి కూడా పండగే అని నా ఉద్దేశం.

సరే, రాయించడం ఎలా? నేను గదిలో చేసి చూసినవి కొన్ని చెబుతాను, పనికిరానివి వదిలెయ్యండి.

అన్నిటికంటే ముందు పండగల జోలికి పోకండి. 'మీ సంస్కృతి గురించి రాయండి' అన్నామంటే భోగి, సంక్రాంతి, కనుమ వరసగా దిగుతాయి. ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసు. ఏ పిల్ల ఇంట్లోనూ లేని హరిదాసు అందరి నోటుబుక్కుల్లోనూ ఉంటాడు. సంస్కృతి అన్న పెద్ద మాటే ఎత్తొద్దు. చిన్న ప్రశ్నలు వెయ్యండి. డబ్బు లెక్కపెట్టేటప్పుడు నువ్వు మనసులో ఏ భాషలో లెక్కపెడతావు? మీ అమ్మానాన్నా ఏ భాషలో పోట్లాడుకుంటారు? మీ ఇంట్లో చేసేది, స్నేహితుల ముందు చెప్పుకోనిది ఒక తిండి ఏదైనా ఉందా? మీ ఇంటికి టీచరు వస్తే అమ్మ ఏం మార్చేస్తుంది? మొన్న ఎవరికోసం ఏ కాగితం చదివిపెట్టావు? ఈ చివరి ప్రశ్నకి మా గదిలో ఎప్పుడూ మూగగా కూర్చునే ఒడియా పిల్లవాడు పేజీన్నర రాశాడు. సింహాచలంలో వాళ్ల ఊరి యాత్రికులకి దారి చూపించి, ప్రసాదం కౌంటరు దగ్గర మాట సాయం చేసి, తిరిగొస్తుంటే వాళ్లు తనని తెలుగు పిల్లాడనుకున్నారట. బడిలో అందరూ ఒడియావాడా అంటారు, కొండ మీద ఒడియావాళ్లు తెలుగువాడా అన్నారు, అని రాశాడు. వ్యాకరణం తిరగబడి ఉంది. 'దే ఆస్క్ మీ యూ తెలుగు?' అని ఉంది. నేను ఆ వాక్యాన్ని దిద్దలేదు. మరుసటి వారం వాడే వచ్చి, 'ఆస్క్' అనాలా 'ఆస్క్డ్' అనాలా అని అడిగాడు. పాస్ట్ టెన్స్ గురించి వాడు తనంతట తాను అడగడం అదే మొదలు.

దిద్దే సంగతి కూడా అందుకే చెప్పాలి. ఒకసారి ఒక్క తప్పునే పట్టుకోండి. ఈ నెల క్రియల కాలం, వచ్చే నెల 'ఎ', 'యాన్', 'ది'. మిగతావి కనబడ్డా కళ్లు మూసుకోండి. పేజీ నిండా ఎర్రసిరా పడితే పిల్ల తర్వాతసారి మళ్లీ ఊటీకే వెళ్తుంది. చేపల పేర్లు, చుట్టరికాలు, వంటలు, అమ్మవారి పేర్లు ఇంటి మాటల్లోనే ఇంగ్లిషు స్పెల్లింగుతో రాసుకోనివ్వండి, చదివేవాడికి తెలియకపోతే పక్కన ఒక వాక్యంలో చెప్పమనండి. ఆ ఒక్క వాక్యం రాయడంలో పిల్ల నేర్చుకునే ఇంగ్లిషు చాలా ఉంటుంది.

ఇక నాకు భయమున్న చోటు ఒకటి ఉంది. ఇంటి గురించి రాయమంటే ఇంట్లోవన్నీ బయట పడతాయి. తండ్రి తాగుడు, అప్పులవాళ్లు, కులం పేరుతో ఎవరో అన్న మాట, తల్లి ఒక్కతే ఉన్న ఇల్లు. పేదరికాన్ని బల్ల మీద పరిచి చూపించమని పిల్లని అడిగే హక్కు మనకి లేదు. మా గదిలో ఒక నియమం పెట్టుకున్నాం: మడత పెట్టిన పేజీ నేను చదవను. రాసినట్టు టిక్కు పెడతాను, అంతే. గట్టిగా చదివి వినిపించడం పిల్ల ఇష్టం. గోడపత్రికలో పెట్టేటప్పుడు ఆ పిల్లని అడిగి తీరాలి, అడిగాక కూడా పేరు తీసెయ్యమంటే తీసెయ్యాలి. 'మత్స్యకారుల పిల్లల కన్నీటి గాథలు' అని పైన హెడ్డింగు పెట్టే ఉత్సాహం పెద్దవాళ్లలో ఎక్కువ. దయచేసి అది వద్దు. ఈ పిల్లలు రాసేదాంట్లో కన్నీళ్ల కంటే హాస్యమే ఎక్కువ, నమ్మండి. ఎవరికైనా బాధ ఉందని పేజీలో కనబడితే దాన్ని వ్యాసంగా చూడకుండా ముందు ఆ పిల్లతో విడిగా మాట్లాడండి.

మీ ఇబ్బందులు నాకు తెలియక కాదు. తరగతికి యాభై మంది, సిలబస్సు, ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షలు, పైగా యాప్‌లు. హాజరుకి ఒక ఫోటో, అన్నానికి ఒక ఫోటో, మరుగుదొడ్డికి ఒక ఫోటో తీసిన సంవత్సరాలు మీరు చూశారు. ఆ పైన టెన్త్ రిజల్టు. కొత్తగా ఇంకో పని నెత్తిన పెడుతోందీవిడ అనుకుంటారని తెలుసు. కొత్త పని పెట్టడం లేదు. డైరీ, ఉత్తరం, సంభాషణ, వర్ణన, ఎవరిదైనా జీవిత రేఖ (బయోగ్రఫికల్ స్కెచ్) అన్నీ ఎలాగూ రాయిస్తున్నారు. చట్రం అదే ఉంచండి, లోపలి సరుకు మార్చండి. సంభాషణ రాయించేటప్పుడు ఇద్దరు ఊహల స్నేహితులు కాలుష్యం గురించి మాట్లాడుకోవడం బదులు, వార్డు సచివాలయం బల్ల దగ్గర అమ్మకీ ఉద్యోగికీ మధ్య తాను నిలబడి చేసిన సంభాషణ రాయమనండి. జీవిత రేఖకి అబ్దుల్ కలాం బదులు బోటు మీద పనిచేసే పెదనాన్న. వేదిక మీద మాట్లాడే గొప్పవాళ్ల చరిత్ర ఫోనులో కొడితే వస్తుంది, ఈ పెదనాన్నది ఎక్కడా రాదు. పబ్లిక్ పరీక్షలో అంశం ఏదిచ్చినా, తన చేతి వాక్యాలు నలభై రాసిన పిల్ల, గైడు వాక్యాలు నలభై బట్టీ పట్టిన పిల్లకంటే ఇబ్బంది పడదు. ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే బట్టీ ఎలా కూలిపోతుందో ఏటా పేపర్లు దిద్దే మీకే తెలుసు.

తల్లిదండ్రుల నుంచి ఒక అభ్యంతరం వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. 'ఇంగ్లిషు నేర్పమని పంపితే మా ఇంటి సంగతులు ఎందుకండీ' అంటారు. తెలుగు మాట్లాడితే ఫైను వేసే ప్రైవేటు బడులే పైమెట్టు అని నమ్మినవాళ్లు వాళ్లు, తప్పు వాళ్లది కాదు. వాదించొద్దు. పేరెంట్స్ మీటింగ్ రోజు ఆ పిల్ల రాసింది ఇంగ్లిషులో చదివించి, వెంటనే ఎదురు పేజీ చదివించండి. మా గదిలో ఒక తల్లి తన చేపల బేరం గురించి కూతురు రాసింది విని, ధర తప్పు రాసిందని అక్కడికక్కడే సరిదిద్దింది. కిలో వంజరం అంతకి ఎవరిస్తారే అని.

కాబట్టి నేను అడిగేది ఇదీ. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే మీ స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో ఈ విషయం ఒక అరగంట మాట్లాడండి. ఒక్క తరగతితో మొదలుపెట్టండి. ఎనిమిదో తరగతైతే మేలు, పబ్లిక్ పరీక్షల భయం ఉండదు. నవంబరు 14 నాటికి ప్రతి బడి నుంచి ఒక చిన్న పుస్తకం, ఎడమ పేజీ ఇంటి భాష, కుడి పేజీ ఇంగ్లిషు. పిల్లలు ఒప్పుకున్నవి మాత్రమే. మాలో కొందరం రిటైరైనవాళ్లం కాగితం, జిరాక్సు, బైండింగు ఖర్చు పెట్టుకుంటాం. శనివారాలు బడికి వచ్చి పక్కన కూర్చుని రాయించడానికీ సిద్ధం. ఒడియా చదవగలిగినవాళ్లు మాలో ఇద్దరున్నారు. కువి తెలిసినవాళ్లు కావాలి. మీ హాస్టల్ వార్డెన్లలో ఎవరైనా ఉంటే చెప్పండి. మీటింగుకి తెలుగు టీచర్లని కూడా పిలవండి. ఎడమ పేజీ దిద్దే పని వాళ్లది.

ఇట్లు,
పెదజాలారిపేట పిల్లలకు సాయంత్రాలు పాఠాలు చెప్పే ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని,
విశాఖపట్నం